రెండు తలల చిలక

ఇలా దగ్గరికి రా తన్మయీ. గోడవైపు తిరిగి పడుకుంటే ఏడ్చావని నాకు తెలియదనుకున్నావా? మొహం కడుక్కున్నావు గానీ ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది. నీ లెక్కల పుస్తకం చూశాన్లే. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితానికి చిల్లి పెట్టేశావు. ఆ చిల్లిలోంచి వెనక పేజీలో తొమ్మిది అంకె తొంగి చూస్తోంది పాపం.

సరే, ఆ గొడవ రేపు చూద్దాం. ఇప్పుడు కథ. ఊఁ కొడుతూ ఉండాలి. నీ ఊఁ ఆగితే నా కథా ఆగిపోతుంది, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా ఒక ఊళ్ళో కోడికన్నా ముందు మగ్గాలు లేచేవి. పొద్దు పొడవకముందే ఇంటింటా టకటకా టకటకా అని ఒకటే చప్పుడు. ఊరి పక్కనే పెద్ద కాలవ. కాలవలో ఉప్పు పడవలూ, ధాన్యం పడవలూ పోతుండేవి. ఊళ్ళో అందరూ నేతగాళ్ళే. వాళ్ళు నేసే చిటికి రుమాళ్ళ కోసం ఎక్కడెక్కడి వాళ్ళూ పడవలెక్కి వచ్చేవాళ్ళట.

చిటికి అంటే ఏమిటో తెలుసా నీకు? మామూలు గుడ్డకైతే నేశాక బొమ్మ వేస్తారు. వీళ్ళు నేయకముందే బొమ్మ వేస్తారు, అదీ నూలు మీద! నూలు పోగుల్ని చిన్న చిన్న కట్టలు చేసి, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ దారంతో బిగించి కడతారు. ఆ తర్వాత రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట తెలుపు, లేనిచోట ఎరుపు. కట్లు విప్పి, ఆ నూలు మగ్గం మీద ఎక్కించి నేస్తే, పోగు పక్కన పోగు చేరి అప్పుడు బొమ్మ బయటికి వస్తుంది. ఒక్క కట్టు అటూ ఇటూ అయిందా, పువ్వు నవ్వులపాలే. అందుకే చిటికి కట్టేవాళ్ళకి లెక్క కావాలి.

ఆ ఊళ్ళో భద్రావతి అని ఒక పిల్ల ఉండేది. నీకన్నా ఒక ఏడాది పెద్ద, అంతే. భద్ర అని పిలిచేవాళ్ళు. వాళ్ళ నాన్న మగ్గం నేసేవాడు. వాళ్ళ మేనత్త తాయారు చిటికి కట్టేది. ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇటు నుంచి భద్ర తుమ్మితే అటు నుంచి మేనత్త చిరంజీవ అనేది.

భద్ర పనేమో కండెలు చుట్టడం. రాట్నం తిప్పుతూ నూలును చిన్న పుల్లలకి చుట్టాలి, అంతే. తక్కువ పనని నేననను. కండె లేకపోతే మగ్గమే లేదు. కానీ ఆ పిల్ల మనసంతా మేనత్త కూర్చునే పీట మీద ఉండేది. దాన్ని చిటికి పీట అనేవాళ్ళు. మేనత్త వేళ్ళు ముడి వేస్తుంటే నోరు తెరుచుకుని చూస్తూ, చేతిలో కండె జారిపోయినా తెలిసేది కాదట.

ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. పిల్లలకి పదేళ్ళు వచ్చాక మూడు రుమాళ్ళకి సరిపడే నూలు చేతికిస్తారు. లెక్క వేసుకుని, బొమ్మ గీసుకుని, ఎవరి చిటికి వాళ్ళే కట్టుకోవాలి. మూడోది అయ్యేలోగా బొమ్మ కుదిరితే పీట ఎక్కినట్టు. కుదరకపోతే జన్మంతా కండెలే. మళ్ళీ అడగడానికి లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. భద్రవాళ్ళ ఇంట్లో ఒక పాత రుమాలు ఉండేది. ఎర్ర గుడ్డ మీద తెల్లటి గండభేరుండం. ఒకే ఒళ్ళు, అటొక తల, ఇటొక తల ఉండే పక్షి అన్నమాట. రాజుల జెండాల మీద ఉంటుందే, అది. తాయారు పదేళ్ళప్పుడు కట్టిన మొట్టమొదటి గుడ్డ అది! మొదటి గుడ్డకే గండభేరుండం కట్టిందంటే మాటలా? ఆ ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా ముందు ఆ గుడ్డ మీదే పడుకోబెట్టేవాళ్ళు, ఆ తెలివి అంటుతుందని. భద్రనీ పడుకోబెట్టారు. ఇప్పుడు భద్ర చంటి తమ్ముడు దాని మీదే పడుకుని, రాజుల పక్షి అని కూడా చూడకుండా పూటకోసారి తడిపేస్తున్నాడు.

పక్కింటి రత్తాలయితే వచ్చినప్పుడల్లా ఆ గుడ్డ కళ్ళకద్దుకునేది. "తాయారు వదిన తల వేరమ్మా. లెక్క ఆవిడకి పుట్టుకతో వచ్చింది. మనబోటి వాళ్ళకి వస్తుందా?" అనేది.

పుట్టుకతో అనే మాట ఉంది చూశావూ, అది నాకు అసలు గిట్టదు. పుట్టుకతో వచ్చేది ఏడుపొక్కటే. సరే, నా కోపం నాకే ఉండనీ. ఊఁ కొట్టు.

భద్రకి పదేళ్ళు వచ్చాయి. మేనత్త మూడు రుమాళ్ళ నూలు ఒళ్ళో పెట్టింది. అప్పుడు భద్రకి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే బళ్ళో లెక్కలంటే ఆ పిల్లకి చచ్చేంత భయం. పలక మీద తప్పు రాస్తే, ఎవరూ చూడకముందే ఉమ్మి పెట్టి తుడిచేసేది. ఆగు, నేను నీ మాట ఎత్తలేదు. నువ్వు రబ్బరు పిల్లవి కదా.

ఆ రోజుల్లో నెలకోసారి కాలవ మీద పుస్తకాల పడవ వచ్చేది. నిజం పడవే, లోపల బియ్యం బస్తాల బదులు పుస్తకాల బీరువాలు. దాన్ని నడిపే ఆయన పేరయ్య తాత. గట్టున ఆపి గంట కొడితే, పిల్లాపెద్దా వెళ్ళి పుస్తకాలు తెచ్చుకునేవాళ్ళు, మళ్ళీ నెలకి తిరిగి ఇచ్చేవాళ్ళు.

భద్ర వెళ్ళి అడిగింది. "తాతా, లెక్కలు వచ్చేసే పుస్తకం ఒకటియ్యి."

"వచ్చేసే పుస్తకాలు నా దగ్గర లేవమ్మా. చదివే పుస్తకాలున్నాయి, నీకేది కావాలో చూసుకో" అన్నాడాయన.

భద్ర ఎక్కాల పుస్తకం తీసుకుంది. పల్చగా ఉంది కదా, తొందరగా అయిపోతుందని. ఆ తర్వాత నెల్లాళ్ళూ ఒకటే పాట. నాలుగొకట్ల నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది అంటూ రాట్నం తిప్పుతూ ఎక్కాలే, నీళ్ళు తోడుతూ ఎక్కాలే. పాట ఆగకుండా పాడేది. కానీ మధ్యలో అమ్మ "నాలుగేళ్ళు ఎంతే?" అని అడిగితే మళ్ళీ నాలుగొకట్ల నుంచి ఎత్తుకోవాల్సిందే.

అప్పుడు మొదటి రుమాలు కట్టింది. గళ్ళ కాగితం మీద ముప్ఫై గళ్ళు గీసుకుంది. గడికి ఒక కట్ట నూలు. అందులో నాలుగు పూలు రావాలి. పువ్వుకి ఎనిమిదేసి గళ్ళు ఇచ్చింది, పువ్వు నిండుగా ఉంటుందని. నాలుగెనిమిదులు ముప్ఫై రెండు అని పాడుతూనే కట్టింది. వాళ్ళ నాన్న నేశాడు. మూడు పూలు నిండుగా వచ్చాయి. నాలుగో పువ్వు మాత్రం చివర రెక్కలు తెగిపోయి, ఎవరో కొరికేసినట్టుంది. ముప్ఫైలో ముప్ఫై రెండు ఎలా పడతాయే? పాట నోటికొచ్చింది గానీ, ఆ పాట దేనికోసమో భద్రకి తెలియలేదు.

మేనత్త గుడ్డ తిప్పి చూసింది. "ఇంకా రెండున్నాయి" అని మాత్రం అంది.

మళ్ళీ పడవ వచ్చింది. ఈసారి భద్ర తెలివిగా లావుపాటి పుస్తకం తీసుకుంది. అందులో ముందు లెక్కలు, చివరి పేజీల్లో జవాబులు. భద్ర ఏం చేసేదో చెప్పనా? ముందు జవాబు చూసేది, ఆ తర్వాత లెక్క రాసేది. అన్నీ ఒప్పులే! అబ్బో, నాకు లెక్కలు వచ్చేశాయని మురిసిపోయింది.

ఆ తర్వాత రెండో రుమాలు కట్టాల్సి వచ్చింది. రుమాలుకి చివరి పేజీ ఎక్కడుంటుంది? వెతుక్కుని వెతుక్కుని గోడ మీదుగా తొంగి చూసింది. అటు మేనత్త చీర కొంగుకి కడుతోంది. భద్ర ఆ లెక్కనే దింపేసింది. కొంగు వెడల్పు వేరు, రుమాలు వెడల్పు వేరు. నేశాక చూస్తే నడిమి పువ్వు నడిమిన లేదు. పెళ్ళిపందిట్లో చోటు దొరకని చుట్టంలా ఓ మూలకి వెళ్ళి నిలబడింది.

మేనత్త ఈసారి చాలాసేపు చూసింది. ఏదో అనబోయి మానేసింది. "ఇంకొకటుంది" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు భద్ర కండెల బుట్ట పక్కన కూర్చుని ఎంత ఏడ్చిందో. వాళ్ళమ్మ వచ్చి తల నిమిరి, "పోనీలేవే, మన ఇంట్లో లెక్కల తల మీ అత్తకే వచ్చింది. నాకు లేదు, మీ నాన్నకి లేదు. నీకు మటుకు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది. ఓదార్చడానికే అంది, పాపం. కానీ ఆ మాట ఆ పిల్ల గుండెలో ముల్లులా దిగింది.

మూడోసారి పడవ వచ్చింది. భద్ర పుస్తకం తిరిగి ఇచ్చేసి, ఇంకోటి తీసుకోకుండా గట్టెక్కబోయింది.

"ఏమ్మా, ఉత్త చేతులతో పోతున్నావు?" అన్నాడు పేరయ్య తాత.

"నాకు లెక్కల తల లేదు తాతా."

"తల ఉంది కదా?"

"ఉంది."

"అది చాలు. లెక్కలు తర్వాత పోసుకోవచ్చు. ఇలా రా."

ఆయన బీరువా అడుగు నుంచి ఒక పుస్తకం తీశాడు. అట్ట లేదు. మూలలు నలిగి మెత్తబడి ఉన్నాయి. వెనక జవాబుల పేజీలు లేవు. కానీ ప్రతి పేజీ అంచునా పెన్సిలు రాతలే. ఎవరెవరివో చేతిరాతలు. ఒకటి గుండ్రంగా, ఒకటి వంకరగా, ఒకటి చీమల బారులా. అన్నీ తప్పులే! తప్పు లెక్క, దాని మీద ఒక అడ్డగీత, పక్కనే మళ్ళీ మొదలు.

"ఈ పుస్తకానికి ఒక పద్ధతి ఉంది" అన్నాడు తాత. "లెక్క తప్పితే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన మళ్ళీ చేయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు నీ తప్పు ఒక్కటైనా ఇందులో ఉండాలి. లేకపోతే నేను పుచ్చుకోను."

"తప్పులెందుకు తాతా?"

"వెనకొచ్చేవాళ్ళకి తోడుగా ఉంటాయి" అన్నాడు.

భద్ర ఇంటికి తెచ్చి తెరిచింది. మొదటి లెక్కే రాలేదు. పక్కన చూస్తే, ఎవరో అదే లెక్క మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి చేసి, కింద హమ్మయ్య అని రాసుకున్నారు. భద్రకి నవ్వొచ్చింది. లెక్కల పుస్తకం చూసి నవ్వడం ఆ పిల్లకి అదే మొదలు.

అప్పుడు తనూ చేసింది. తప్పింది. వేలికి ఉమ్మి తడి చేసుకుంది గానీ, పద్ధతి గుర్తొచ్చి ఆగిపోయింది. గీత కొట్టింది. కొట్టేసినా తప్పు అక్కడే కనపడుతోంది కదా, చూడక తప్పలేదు. చూస్తూ చూస్తూ, ఇదిగో ఇక్కడ దారి తప్పాను అని పట్టుకుంది. తుడిచేస్తే ఈ సంగతి ఎలా తెలుస్తుంది చెప్పు?

ఒక్కరోజులో ఏమీ మారలేదు. నేనేం మాయలమరాఠీ కథ చెప్పడం లేదు. కొన్నాళ్ళు రోజంతా ఒకే లెక్కతో కుస్తీ. కొన్నాళ్ళు పుస్తకం విసిరికొట్టాలన్నంత కోపం. కానీ మెల్లమెల్లగా ఏదో కదిలింది. ఒకనాడు రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. నాలుగెనిమిదులు ముప్ఫై రెండంటే పాట కాదు, ముప్ఫై గళ్ళలో పట్టని నాలుగు పూలు! మరి ఏడేసి ఇస్తే? నాలుగేళ్ళు ఇరవై ఎనిమిది. రెండు గళ్ళు మిగిలాయి. అటు అంచుకొకటి, ఇటు అంచుకొకటి! కండెల బుట్ట తన్నేసి ఇల్లంతా గెంతిందట.

ఆ పుస్తకంలోనే ఒకచోట కాగితం మడిచి పువ్వు చేసే లెక్క ఉంది. నువ్వూ చేస్తావుగా, కాగితం మడిచి సగం పువ్వు కత్తిరించి విప్పితే నిండు పువ్వు వస్తుంది. చిటికి కట్టేవాళ్ళూ అంతే. నూలును సగానికి మడిచి, సగం బొమ్మకే ముడులు వేస్తారు. విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. సగం కష్టం, నిండు పువ్వు. భద్ర ఈ కిటుకు బాగా పట్టేసింది.

ఆ తర్వాత మూడో రుమాలు మొదలుపెట్టింది. చుట్టూ పూలు, నడిమిన ఒక రామచిలక. అమ్మ వద్దంది, పూలతో సరిపెట్టమంది. ఉన్నది ఒక్క రుమాలు నూలే కదా, పోతే పీట పోతుంది. కానీ తమ్ముడు చిలకని చూస్తే కేరింతలు కొడతాడు. అందుకని భద్రకి చిలకే కావాలి. గళ్ళు గీసింది, లెక్క వేసింది, తప్పింది, కొట్టేసింది, మళ్ళీ వేసింది. నూలు మడిచి, చిలక తల నుంచి నడుం దాకా కట్టింది. మిగతా సగం దానంతటదే వస్తుందిగా, పువ్వుకి వచ్చినట్టు!

నవ్వుతున్నావా? ఎందుకు నవ్వుతున్నావో చెప్పకు, నోరు మూసుకో. కథ పాడుచేస్తావు.

నాన్న మగ్గం మీద ఎక్కించాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. టకటకా, టకటకా. మొదట పూలు వచ్చాయి. ఎంత పొందికగా! ఒక్క రెక్క తెగలేదు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత చిలక ముక్కు వచ్చింది. కన్ను వచ్చింది. మెడ వచ్చింది, పొట్ట వచ్చింది. ఇక తోక రావాలి.

తోక రాలేదు. మళ్ళీ మెడ వచ్చింది. మళ్ళీ కన్ను వచ్చింది. మళ్ళీ ముక్కు!

పువ్వుకి అటూ ఇటూ ఒకటే. చిలకకి అలా కాదుగా, ఒక పక్క ముక్కు, ఒక పక్క తోక. తల వైపు సగం కట్టి మడత విప్పితే రెండో పక్కా తలే వస్తుంది. పూలు కట్టి కట్టి భద్ర ఆ సంగతే మర్చిపోయింది.

నాన్న మగ్గం ఆపేశాడు. ఆ ఊళ్ళో మగ్గం ఆగితే ఇరుగుపొరుగు పరిగెత్తుకొస్తారు, ఏం కొంప మునిగిందోనని. ముందుగా వచ్చింది రత్తాలే. వంగి చూసి, రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది.

"గండభేరుండం! అమ్మో అమ్మో, మళ్ళీ గండభేరుండం! మేనత్త పోలికే వచ్చిందర్రా ఈ పిల్లకి! పుట్టుకతో వచ్చింది!"

అప్పుడు అందరూ మూగారు. నాన్న ఛాతీ ఇంత పొంగింది. ఎవరో పీట తెమ్మన్నారు. ఎవరో బెల్లం ముక్క భద్ర నోట్లో పెట్టారు. మేనత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఇప్పుడు చెప్పు తన్మయీ, భద్ర ఏం చేయాలి? నోరు మూసుకుంటే చాలు, పీట వచ్చేస్తుంది. ఒక్క మాట అబద్ధం ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

భద్ర నోట్లో బెల్లం కరగలేదు. ఆ అట్ట లేని పుస్తకం గుర్తొచ్చింది. పేరు కూడా తెలియని వాళ్ళెవరో తమ తప్పులు తనకోసం విప్పి పెట్టి వెళ్ళారు. హమ్మయ్య అని రాసుకున్న మనిషి గుర్తొచ్చింది. తను ఊరుకుంటే రేపు తమ్ముడు పుట్టుకతో రాలేదని ఏడుస్తాడు, తనలాగే.

బెల్లం ముక్క చేతిలోకి తీసుకుంది. "అది గండభేరుండం కాదు" అంది. "రామచిలక. మడతేసి సగమే కట్టాను. చిలకకి తోక వేరుగా ఉంటుందని మర్చిపోయాను. తప్పు కట్టాను."

తెచ్చిన పీట తెచ్చినట్టే ఎవరి చేతిలోనో ఉండిపోయింది. నాన్న తల దించుకున్నాడు. మూడూ అయిపోయాయి, కట్టడి కట్టడే. భద్ర ఎవరూ చెప్పకముందే వెళ్ళి రాట్నం ముందు కూర్చుంది. కండె చేతిలోకి తీసుకుంది గానీ కళ్ళల్లో నీళ్ళు నిండి పోగు కనపడలేదు.

అప్పుడు మేనత్త గుమ్మం దిగి లోపలికి వచ్చింది. తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. చంటాణ్ణి ఎత్తి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. వాడు గుక్కపట్టాడు. వాడి కింద ఉన్న పాత రుమాలు తీసింది, తడిగా ఉన్నా సరే. భద్ర రుమాలు పక్కన పరిచింది.

"ఇదీ రామచిలకే" అంది.

రత్తాలు నోరు తెరిచింది, మూయడం మర్చిపోయింది.

"ఆ రోజూ ఇలాగే మగ్గం ఆగింది" అంది తాయారు. "అందరూ వచ్చారు. గండభేరుండం అన్నారు. నేను మీ నోళ్ళు చూస్తూ ఊరుకున్నాను. ఆ తర్వాత ఎన్ని తప్పులు కట్టానో నాకే తెలుసు. అన్నీ తలుపేసుకుని కట్టాను, తలుపేసుకుని విప్పాను. మీరేమో పుట్టుకతో వచ్చిందన్నారు. నా తర్వాత ఈ ఊళ్ళో ఎంతమంది పిల్లలు మూడో గుడ్డతో ఏడుస్తూ లేచిపోయారు? వాళ్ళకి తల లేక కాదు. నేను నోరు విప్పక."

ఆ మాటకి రత్తాలు గోడకి ఆనుకుని కూలబడింది. ఎందుకో తెలుసా? అలా లేచిపోయిన పిల్లల్లో మొదటిది రత్తాలే. జుట్టు నెరిసేదాకా కండెలు చుడుతూ, నాకు తల లేదు, నాకు తల లేదు అని నమ్మేసింది. అందుకే ఆ గుడ్డని అంతలా కళ్ళకద్దుకునేది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం వదినా?" అంది. ఏడుస్తూ అంది, కోపంగానూ అంది. అనాల్సిందే మరి, అనకుండా ఎలా ఉంటుంది?

"సిగ్గేసింది రత్తాలూ. ఈ పిల్లకి ఉన్నపాటి ధైర్యం నాకు లేకపోయింది" అంది తాయారు. ఆ తర్వాత పీట పట్టుకున్న మనిషి చేతిలోంచి పీట తీసుకుంది. తన పీట పక్కన వేసింది. "కట్టడి పెట్టింది మన పెద్దవాళ్ళే, సడలించాల్సిందీ మనమే. తప్పెక్కడుందో చెప్పగలిగిన పిల్లకి ఇక మూడనీ నాలుగనీ లేదు. రావే భద్రీ. రత్తాలూ, నీకూ నూలిస్తాను."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే. కళ్ళున్నాయి, వేళ్ళున్నాయి. తల కూడా ఉంది, ఇప్పుడు తెలిసిందిగా."

అప్పుడు అందరూ నవ్వారు. గుక్కపట్టిన చంటాడు కూడా ఆగి చూశాడు.

ఆ తర్వాత భద్ర నాలుగో రుమాలు కట్టింది. ఈసారి చిలకని మడత మీద పెట్టలేదు. మడతకి కొంచెం ఇవతల, ముక్కు నుంచి తోక దాకా నిండు చిలక కట్టింది. విప్పి నేస్తే ఏం వచ్చిందో చెప్పు? ఆఁ! రెండు చిలకలు, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కబుర్లాడుకుంటున్నట్టు. ముందు తప్పు కట్టకపోతే ఈ ఆలోచన వచ్చేదా చెప్పు?

మళ్ళీ పడవ వచ్చింది. భద్ర పుస్తకం పట్టుకుని వెళ్ళింది, వెనకాలే మేనత్త, ఆ వెనకాల రత్తాలు. కాగితం మడిచే లెక్క పక్కన భద్ర రెండు తలల చిలక బొమ్మ వేసింది. ఒక్క గీత కొట్టింది. పక్కన కబుర్లాడే చిలకలు వేసింది. మేనత్త పెన్సిలు అడిగి పుచ్చుకుని, ఆ కిందే తన చిలకనీ వేసి, తనూ గీత కొట్టింది. గట్టిగానే కొట్టింది.

పేరయ్య తాత రత్తాలు వంక చూశాడు. "నా వంక చూడకయ్యా" అంది రత్తాలు. "నేనింకా మొదలెట్టలేదు. కానీ నా తప్పుకి కాస్త చోటు ఉంచు."

ఆ ఇంట్లో ఇప్పటికీ బిడ్డ పుడితే ఆ పాత రుమాలు మీదే పడుకోబెడతారట. కాకపోతే ఇప్పుడు చెవిలో ఒక మాట చెబుతారు. ఇది మీ అత్త తప్పు నాన్నా, హాయిగా పడుకో, నువ్వూ చేద్దువుగానిలే అని.

అయిపోయింది. నిద్రపోయావా? ఊఁ వినపడదేం?

ఏమిటిది, నా అరచేతిలో ఏం పెడుతున్నావు? మెత్తగా, వెచ్చగా... ఓసి పిచ్చితల్లీ, రబ్బరా! ఇంతసేపూ గుప్పిట్లో పట్టుకునే కథ విన్నావా? నా దగ్గర ఉంచమంటావా? సరే, దిండు కింద పెట్టుకుంటాను. రేపు ఆ చిల్లి పక్కనే చోటు చూసి మళ్ళీ చేద్దాం, ఇద్దరం. నాకూ భాగహారాలు సగం మర్చిపోయినట్టే ఉన్నాయి, నా తప్పుకీ కాస్త చోటుంచు.

మడత విప్పితే చిలకలు రెండు,
మళ్ళీ చేస్తే లెక్కలు పండు,
పడవెక్కి కథ కంచికి పోయి,
ఇంటికి చేరిన మనకిక హాయి.